అంగన్‌వాడీ రిజిస్టరులో పేరు

గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే పౌష్టికాహారానికి విడిగా దరఖాస్తు ఫారం లేకుండానే పథకం మొదలైంది. రేషన్ కార్డుకైనా, వృద్ధాప్య పింఛనుకైనా అర్జీ రాసుకుని ఆఫీసుల చుట్టూ తిరగాలి. అంగన్‌వాడీలో వరస వేరు. టీచరే ఇల్లిల్లూ తిరిగి, ఎవరు నెల తప్పారో, ఎవరి బిడ్డకు ఆరు నెలలు నిండాయో కనుక్కుని రిజిస్టరులో రాసుకోవాలి. 1975 నుంచి నియమం ఇదే. ఆహారం అందడానికి చూసే అర్హత మాత్రం యాభై ఏళ్లలో మారుతూ వచ్చింది. మొదట్లో ఉన్న ఊరును చూశారు, తర్వాత బిడ్డ బరువును చూశారు, ఆ తర్వాత ఆధార్ అడిగారు, ఇప్పుడు తల్లి ముఖం చూపించమంటున్నారు.

స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలో పల్లెల్లో తల్లీబిడ్డల సంక్షేమం చాలావరకు స్వచ్ఛంద సంస్థల చేతిలో ఉండేది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. రాజమండ్రిలో పుట్టి, మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నిలబెట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ దానికి తొలి అధ్యక్షురాలు. మరుసటి ఏడాది నుంచి బోర్డు కొన్ని గ్రామాలను ఒక గుత్తిగా తీసుకుని బాల్వాడీలు, ప్రసూతి సేవలు, చేతిపనుల శిక్షణ మొదలుపెట్టింది. పిల్లలకు కలిపి ఇచ్చే పాలపొడి ఆ రోజుల్లో ఎక్కువగా యునిసెఫ్ నుంచి వచ్చేది. పూనుకునే మహిళలు ఉన్న ఊళ్లో బాల్వాడీ నడిచేది, లేని ఊళ్లో లేదు. పేరు నమోదు సంగతి ఎవరికీ పట్టేది కాదు, ఆ పూట వచ్చి కూర్చున్న పిల్లలే లబ్ధిదారులు.

ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి అన్న లెక్క తేలడంలో హైదరాబాదుకు పెద్ద వాటా ఉంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధి మీద మొదలుపెట్టిన చిన్న పరిశోధన విభాగమే క్రమంగా పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాక వైపు వెళ్లేవారికి ఆ ఆవరణ తెలిసిందే. 1960లలో ప్రపంచమంతా పేదపిల్లల జబ్బుకు కారణం మాంసకృత్తుల కొరత అనేవారు. ఖరీదైన ప్రొటీన్ పొడులు తయారుచేసి పంచడమే మందు అని నమ్మేవారు. ఈ సంస్థకు నాయకత్వం వహించిన సి. గోపాలన్ బృందం ఆ మాటను ఒప్పుకోలేదు. ఇంట్లో వండుకునే అన్నం, పప్పే బిడ్డకు కడుపునిండా దొరికితే మాంసకృత్తులు కూడా చాలావరకు సమకూరుతాయని, అసలు కొరత కెలోరీలదని వాళ్లు చూపించారు. తిండి చాలకపోవడమే జబ్బు అని తేలింది. వినడానికి ఇది అందరికీ తెలిసిన సంగతిలాగే ఉంటుంది గానీ, అప్పట్లో దాన్ని అంకెలతో రుజువు చేయాల్సి వచ్చింది.

ఆ ఆలోచనకు రూపమే ‘హైదరాబాద్ మిక్స్’. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లం 20 గ్రాములు. మొత్తం 86 గ్రాముల పొడిలో సుమారు 330 కెలోరీలు, 11 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఏ పల్లె దుకాణంలోనైనా దొరికే సరుకులే. నేడు అంగన్‌వాడీల్లో పసిబిడ్డలకు ఇచ్చే బాలామృతం పొట్లానికి దీన్ని పూర్వరూపం అనుకోవచ్చు.

1970–71లో కేంద్రం ప్రత్యేక పోషకాహార కార్యక్రమాన్ని గిరిజన ప్రాంతాల్లో, పట్టణాల మురికివాడల్లో మొదలుపెట్టింది. పిల్లలకు రోజుకు 300 కెలోరీలు, గర్భిణులకు, బాలింతలకు 500, ఏడాదిలో 300 రోజులు. అక్కడ నివసించడమే అర్హత. అయితే బిడ్డకు టీకాలు వేశారా, బరువు పెరుగుతోందా, విరేచనాలు పట్టుకున్నాయా అని చూసే పని ఆ కార్యక్రమంలో భాగం కాదు. తిండిని, వైద్యాన్ని, బడిముందు చదువును ఒకే కప్పు కిందికి తేవాలన్న ఆలోచన 1974 జాతీయ బాలల విధానంతో బలపడింది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, అంటే ఐసీడీఎస్, దేశం మొత్తంలో 33 ప్రాజెక్టుల్లో, 4,891 అంగన్‌వాడీలతో మొదలైంది.

టీచరు పని సర్వేతో ఆరంభమయ్యేది. వెయ్యిమంది జనాభాకు ఒక కేంద్రం, గిరిజన ప్రాంతంలో 700 మందికి ఒకటి. కేంద్రం తెరవడానికి ముందే టీచరు ప్రతి గడపా ఎక్కి కుటుంబాన్ని రాసుకోవాలి, తర్వాత పుట్టినవారిని, పోయినవారిని, కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లను చేర్చుకుంటూ పోవాలి. నెల తప్పిన సంగతి మూడో నెల దాకా బయటపెట్టకూడదనే ఇళ్లు చాలా ఉన్న ఊళ్లో ఈ పని రాతపనికంటే చనువుతో జరిగే పని. అదే ఊరి కోడలో కూతురో టీచరుగా ఉండాలన్న నియమంలోని తెలివి ఇక్కడే కనిపిస్తుంది. ఇంత పనికీ మొదట్లో ఇచ్చిన గౌరవ వేతనం మెట్రిక్ పాసైతే నెలకు 150 రూపాయలు, కాకపోతే 100, ఆయాకు 35. జీతం అనకుండా గౌరవ వేతనం అనడం వెనకున్న లెక్కతో ఈ ఉద్యోగినులు ఇప్పటికీ పోరాడుతూనే ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరులో మొదలైన సమ్మె 42 రోజులు సాగింది.

పేరు ఎక్కిన బిడ్డకు తర్వాతి పరీక్ష తూకం. దూలానికో కొమ్మకో గుండ్రటి స్ప్రింగు త్రాసు వేలాడదీసి, కాళ్లు దూరే గుడ్డ సంచిలో బిడ్డను కూర్చోబెడతారు. బిడ్డ ఏడ్చి గింజుకుంటుంటే ముల్లు ఊగుతుంది. అది నిలిచే క్షణం కోసం టీచరు కాచుకుని ఉంటుంది. ఆ అంకెను పెరుగుదల చార్టులో వయసు గీతకు ఎదురుగా చుక్కగా పెడుతుంది. నెలనెలా చుక్కలు కలిపితే బిడ్డ గీత తేలుతుంది. పాత పద్ధతిలో ఉండవలసిన బరువులో 80 శాతం దాటితే మామూలు, అంతకు తక్కువైతే నాలుగు గ్రేడులు. మూడు, నాలుగు గ్రేడుల పిల్లలకు రెట్టింపు ఆహారం. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త ప్రమాణాలను మన దేశం అమల్లోకి తేవడంతో ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేర్వేరు చార్టులు వచ్చాయి, గ్రేడులు పోయి ఆకుపచ్చ, పసుపు, నారింజ పట్టీలు మిగిలాయి. చదువురాని తల్లికి కూడా తన బిడ్డ చుక్క ఏ రంగులో పడిందో తెలిసిపోతుంది. ఈ పథకం కనిపెట్టినవాటిలో అన్నిటికంటే పనికొచ్చింది బహుశా ఈ చార్టే.

సరుకు మాత్రం చాలాకాలం విదేశాల నుంచే వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కేర్ సంస్థ ద్వారా అమెరికా నుంచి మొక్కజొన్న, సోయా, పాలపొడి కలిపిన పిండి, నూనె డబ్బాలు కేంద్రాలకు చేరేవి. హైదరాబాదు నాచారంలో ఏపీ ఫుడ్స్ కర్మాగారం వచ్చాక తినడానికి సిద్ధంగా ఉండే పొడులు ఇక్కడే తయారుకావడం మొదలైంది.

ఈ ఏర్పాటులో పెద్ద లోపం, మంజూరైన చోటే కేంద్రం ఉండటం. ఊరికి దూరంగా ఉన్న తండా, గూడెం, వాడ జనాభా లెక్కలో ఊళ్లో కలిసేవి గానీ, కేంద్రం మాత్రం ఊరి నడుమ వెలిసేది. రెండు కిలోమీటర్లు నడిచి మూడేళ్ల బిడ్డ తిండికి రాదు. 2001లో పౌర హక్కుల ప్రజా సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు ఈ చిక్కును వరసగా విప్పింది. ప్రతి ఆవాసానికీ అంగన్‌వాడీ ఉండాలని 2001 నవంబరు 28న ఆదేశించింది. దారిద్ర్యరేఖను అర్హతగా చూడరాదని, ఆహార సరఫరాను కాంట్రాక్టర్లకు అప్పగించరాదని 2004 అక్టోబరులో చెప్పింది. ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉండీ కేంద్రం లేని పల్లె లేదా మురికివాడ అడిగితే మూడు నెలల్లో ఇవ్వాలని 2006 డిసెంబరు 13న తీర్పునిచ్చింది. ఒక రకంగా ఈ పథకంలో నిజమైన దరఖాస్తు ఇదొక్కటే, అదీ ఊరంతా కలిసి పెట్టుకునేది. 2013 ఆహార భద్రత చట్టం గర్భిణులకూ, ప్రసవమైన ఆరు నెలల దాకా బాలింతలకూ ఉచిత భోజనాన్ని హక్కుగా మార్చింది.

ఇంటికి ఇచ్చిన సరుకు తల్లి కడుపులోకి పోతుందా అన్నది మరో ప్రశ్న. బియ్యం, పప్పు ఇల్లు చేరితే ఉమ్మడి కుండలో పడతాయి, అందరూ తిన్నాక మిగిలింది కోడలి వంతు. అందుకే 2013 జనవరి 1న ఉమ్మడి రాష్ట్రం అమృతహస్తం పేరుతో కేంద్రంలోనే కూర్చోబెట్టి ఒక పూట పూర్తి భోజనం పెట్టడం మొదలుపెట్టింది. అన్నం, పప్పు, కూర, గుడ్డు, పాలు. తెలంగాణ 2015 నుంచి దీన్నే ఆరోగ్యలక్ష్మిగా నడిపింది. 2020లో ఆంధ్రప్రదేశ్ సంపూర్ణ పోషణ పథకాన్ని తెచ్చి, 77 గిరిజన మండలాలకు ‘సంపూర్ణ పోషణ ప్లస్’ చేర్చింది. కరోనా వచ్చి కేంద్రాలు మూతపడ్డప్పుడు సరుకు మళ్లీ ఇళ్లకే పోయింది.

నగదు సాయం వచ్చినచోట కాగితాలూ వచ్చాయి. 1995 నాటి జాతీయ ప్రసూతి సాయం కొద్ది వందల రూపాయలే. 2010లో ఇందిరాగాంధీ మాతృత్వ సహయోగ్ యోజనను ప్రయోగంగా పెట్టిన జిల్లాల్లో పశ్చిమ గోదావరి, నల్గొండ ఉన్నాయి. 2017లో వచ్చిన ప్రధానమంత్రి మాతృ వందనలో తొలి కాన్పుకు 5,000 రూపాయలు మూడు విడతలుగా ఇచ్చేవారు, విడతకో ఫారం. వాటితోపాటు తల్లీబిడ్డల కార్డు, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం కావాలి. తెలంగాణ ఆ ఏడాదే సర్కారు దవాఖానలో కాన్పుకు 12,000, ఆడపిల్ల పుడితే 13,000 రూపాయలతో సొంత కేసీఆర్ కిట్ తెచ్చుకుంది.

ఆహారం వైపు కూడా పత్రాలు పాకాయి. 2017 ఫిబ్రవరిలో కేంద్రం పౌష్టికాహారానికి ఆధార్ అడిగింది. ఆధార్ లేదని ఏ బిడ్డకూ లబ్ధి ఆపరాదని 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు అనడంతో, బిడ్డ వంతు తల్లి ఆధార్ మీద నడిచింది. 2021 మార్చి నుంచి పోషణ్ ట్రాకర్ యాప్ రిజిస్టర్ల చోటు ఆక్రమించింది. 2025 జులై నుంచి ఇంటికి తీసుకుపోయే సరుకుకు ముఖ గుర్తింపు తప్పనిసరి అయింది. తల్లి ఫోన్ కెమెరా ముందు కన్ను ఆర్పాలి, ఆధార్‌లోని ఫొటోతో పోలిక కుదరాలి. పెళ్లికి ముందు తీయించుకున్న ఫొటో అయితే పోలిక కుదరకపోవచ్చు, సిగ్నల్ లేని గూడెంలో యాప్ తెరుచుకోకపోవచ్చు.

తొలి కాన్పుకు ఏడో నెలలో పుట్టింటికి వెళ్లే ఆచారం ఈ లెక్కను మరింత తిప్పలు పెడుతుంది. పేరు అత్తవారి ఊరి కేంద్రంలో ఉంటుంది, మనిషి అమ్మగారి ఊళ్లో ఉంటుంది. పాత రోజుల్లో పుట్టింటి ఊరి టీచరు గడపలో అడిగి రాసుకుంటే సరిపోయేది. ఇప్పుడు యాప్‌లో పేరును ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి బదిలీ చేయాలి. పురుడు పోసుకుని, బిడ్డకు మూడో నెలో అయిదో నెలో వచ్చాక తల్లి తిరిగి అత్తవారింటికి పోతే, మళ్లీ బదిలీ.