మిగిలిపోయిన ఎస్

సర్వీసంతా కలిపి ఎన్ని ఎర్ర సిరా బుడ్లు ఖాళీ చేశానో తెలియదు గానీ, అందులో సగం ఒక్క అక్షరానికే ఖర్చయింది. 'మై ఫాదర్ గో టు ది ఫీల్డ్', 'మై మదర్ కుక్ రైస్'. గో పక్కన ఈఎస్, కుక్ పక్కన ఎస్. ముప్పై రెండేళ్లు కృష్ణా డెల్టా హైస్కూళ్లలో ఇంగ్లీషు చెప్పాను. తొమ్మిదో తరగతికి పాసివ్ వాయిస్ పట్టుబడేది, ఇన్‌డైరెక్ట్ స్పీచ్ ఎలాగో గట్టెక్కేది. ఈ ఎస్ మాత్రం పబ్లిక్ పరీక్ష దాకా జారిపోతూనే ఉండేది.

కర్తను బట్టి క్రియ మారడం తెలుగు పిల్లలకేం కొత్త? వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది, వస్తాం, వస్తారు, వస్తాయి. మూడేళ్ల పిల్ల కూడా ఇందులో తడబడదు. 'వస్తాను' అంటే చాలు, నేను అన్న మాట అక్కర్లేదు. కర్త ఆ తోకలోనే కూర్చుని ఉన్నాడు. ఇంగ్లీషులో ఆ పని ఐ, యూ, హీ చూసుకుంటాయి, వాటిని వదిలిపెట్టడానికి ఎలాగూ వీల్లేదు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె నన్ను సూటిగానే అడిగింది: "హీ అన్నాక ఎవరో తెలిసిపోయింది కద సార్, మళ్లీ ఎస్ ఎందుకు?" నా దగ్గర జవాబు లేదు. "రూలమ్మా, రాసుకో" అన్నాను. రిటైరయ్యాక తీరుబడిగా చదువుకుంటుంటే తెలిసింది, ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు వెయ్యేళ్ల వెనక ఉందని.

అప్పటి ఇంగ్లీషు మన భాషలాగే తోకలున్న భాష. ప్రేమించడం అనే క్రియ తీసుకుంటే, నేను అయితే 'లువియె', నువ్వయితే 'లువస్ట్', అతనయితే 'లువథ్', మేమూ మీరూ వాళ్లూ అందరికీ కలిపి 'లువియథ్'. అయితే వాళ్లు ఊత పెట్టి పలికేది మాట మొదట్లో. చివరి అచ్చులు నలిగి నలిగి ముందు అన్నీ ఒకేలా వినపడటం మొదలైంది, తర్వాత ఊడిపోయాయి. నేను తోక పోయింది, మేము తోక పోయింది. నువ్వు తోక కొన్నాళ్లు నిలబడి, 'దౌ' అన్న మాటతోపాటే వాడుకలోంచి జారుకుంది. చివరికి అతని తోక ఒక్కటే మిగిలింది. ఉమ్మడి కుటుంబంలో అందరూ వెళ్లిపోయాక పెంకుటింట్లో ఒంటరిగా మిగిలిన ముసలాయన లాంటిది మన ఎస్.

ఆ ముసలాయన కూడా ఆ ఊరివాడు కాడు. లండన్ వైపు అసలు తోక 'ఎత్'. ఎస్ ఉత్తరాది సరుకు. ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో లిండిస్‌ఫార్న్ అనే చిన్న దీవి ఉంది. అక్కడి మఠానికి చెందిన లాటిన్ సువార్తల ప్రతిలో, 10వ శతాబ్దంలో ఆల్‌డ్రెడ్ అనే పురోహితుడు పంక్తుల సందుల్లో సన్నటి అక్షరాలతో ఇంగ్లీషు అర్థాలు రాసుకుంటూ పోయాడు. మనవాళ్లు కావ్యాలకు టీక రాసుకున్నట్టే. ఆ రాతలో క్రియ చివర ఒకచోట 'థ్', ఇంకోచోట 'స్'. రెండూ ఆయన చేతివే. ఏది రైటో దిద్దే మాస్టారు అప్పటికింకా పుట్టలేదు.

నాలుగు వందల ఏళ్ల తర్వాత, 14వ శతాబ్దం చివర్లో ఛాసర్ కాంటర్‌బరీ కథలు రాశాడు. ఆయన లండన్ మనిషి. అందులో రీవ్ చెప్పే కథలో ఉత్తరాది నుంచి చదువుకోను వచ్చిన ఇద్దరు కుర్రాళ్లుంటారు. వాళ్ల నోట మాత్రం పనిగట్టుకుని ఎస్ పలికించాడు, చదివేవాళ్లు నవ్వుకోవడానికి. మన సినిమాల్లో హాస్యగాడికి ఏదో ఒక జిల్లా యాస తగిలించడం లేదూ, అలాగే. ఆనాడు లండన్ వాళ్లను నవ్వించిన ఆ తోక లేదనే నేను మా పిల్లలకు అరమార్కు కోసేవాణ్ణి.

ఎత్, ఎస్ చాలాకాలం కలిసే కాపురం చేశాయి. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో అంతా ఎత్ మయం. ఆ రోజుల్లోనే షేక్స్‌పియర్ రెండూ వాడుకున్నాడు. వెనిస్ వర్తకుడు నాటకంలో పోర్షియా దయ గురించి చెప్పే మాటల్లో ఒకే పంక్తిలో ఎత్ ఒకసారి, ఎస్ రెండుసార్లు వస్తాయి. ఆ ఘట్టాన్ని పిల్లల చేత కంఠతా పట్టించిన నేనే ఏనాడూ దాన్ని గమనించలేదు! 1643లో రిచర్డ్ హాడ్జెస్ అనే బడిపంతులు ఒక సంగతి రాసిపెట్టాడు. జనం రాసేది 'మేకెత్' అని, పలికేది 'మేక్స్' అని. రాత వెనకబడింది, నోరు ముందుకెళ్లిపోయింది. గ్రాంథికం, వ్యావహారికం గొడవ ఎరిగిన మనకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంకో విడ్డూరం. తూర్పు ఇంగ్లండ్‌లో నార్‌ఫొక్, సఫొక్ పల్లెల యాసలో ఈ ఎస్ అసలు ఉండదు. 'హీ గో', 'షీ రన్' అంటారు, తరతరాలుగా. నైరుతి జిల్లాల పాత యాసలో తిరగేసి 'ఐ గోస్'. అంటే 'మై ఫాదర్ గో' అని రాసిన మా పిల్లలు పుట్టాల్సిన ఊళ్లో పుట్టి ఉంటే అది అచ్చమైన సొంత భాష అయ్యేది.

మరి ఇది రూలెప్పుడైంది? ఇంగ్లీషు బళ్లలో అప్పట్లో గ్రామరంటే లాటిన్ గ్రామరే. ఎనిమిదో హెన్రీ కాలం నుంచీ లిలీ పేరుతో ఉన్న లాటిన్ వ్యాకరణాన్ని పిల్లలు వల్లె వేసేవారు. అందులో మూడు పొందికలు: కర్తకూ క్రియకూ, నామానికీ విశేషణానికీ, సర్వనామానికీ అది సూచించే మాటకూ. 1586లో విలియం బులోకర్ అచ్చు వేయించిన మొదటి ఇంగ్లీషు వ్యాకరణం కూడా లిలీ అడుగుజాడల్లోనే నడిచింది. లాటిన్‌లో విశేషణానికీ తోకలుంటాయి కాబట్టి ఆ పొందికకు అక్కడ పనుంది. తోకలు రాలిపోయిన ఇంగ్లీషుకు అదే కొలత చొక్కా తొడిగారు. వదులుగా వేలాడింది.

18వ శతాబ్దంలో దిద్దుబాట్లు జోరందుకున్నాయి. 1762లో రాబర్ట్ లౌత్ వ్యాకరణం వచ్చింది. ఆయన తర్వాత లండన్ బిషప్ కూడా అయ్యాడు. అప్పట్లో ఒక్క మనిషితో మాట్లాడేటప్పుడు చదువుకున్నవాళ్లు సైతం 'యూ వాజ్' అనేవారు. ఒక్కడికి వాజ్, పదిమందికి వర్, లెక్క శుభ్రంగానే ఉంది. లౌత్ దాన్ని ఘోరమైన తప్పన్నాడు. యూ మొదట బహువచనం, మర్యాద కోసం ఒక్కరికి వాడుతున్నారు గనక క్రియ బహువచనంలోనే ఉండాలని లెక్క. 'యూ ఒక్కడే కదా సార్, ఆర్ ఎందుకు?' అని అడిగిన పిల్లలకు మాత్రం నేను తడుముకోకుండా చెప్పేవాణ్ణి: "మీ తాతయ్య ఒక్కడే కదా, 'మీరు ఎప్పుడు వచ్చారు' అంటావా, 'మీరు ఎప్పుడు వచ్చావు' అంటావా?" క్లాసంతా ఘొల్లుమనేది. ఆ పాఠం మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

సర్వనామాల లెక్క ఇంత తేలిగ్గా తేలదు. 'ఎవ్రీవన్' అన్నాక హిజ్ రావాలా, హర్ రావాలా, దేర్ రావాలా? దేర్ వాడుక 14వ శతాబ్దం నుంచీ ఉంది. జేన్ ఆస్టెన్ నవలల్లో కావలసినన్నిసార్లు కనిపిస్తుంది. అయితే హీ అంటే ఆడవాళ్లు కూడా వచ్చేస్తారని చెప్పిన తొలి వ్యాకరణాల్లో ఒకటి రాసింది ఆడమనిషే. న్యూకాసిల్‌లో 18వ శతాబ్దం మధ్యలో ఆడపిల్లలకు బడి నడిపిన ఆన్ ఫిషర్. 1850లో బ్రిటిష్ పార్లమెంటు చట్టాలన్నిటికీ ఆ మాటే వర్తింపజేసింది. 1860 నాటి మన ఇండియన్ పీనల్ కోడ్ 8వ సెక్షన్ చెప్పిందీ అదే: హీ అంటే మగైనా ఆడైనా. దాని స్థానంలో ఇప్పుడొచ్చిన భారతీయ న్యాయ సంహిత అదే హీ కింద ట్రాన్స్‌జెండర్లనూ చేర్చింది. మాట మారలేదు, దాని కింద నిలబడేవాళ్లు పెరిగారు. 2019లో మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు 'దే'ను ఆ ఏటి మేటి మాటగా ఎంచింది.

ఇంగ్లీషు వాళ్లను చూసి మనం నవ్వడానికి లేదు. అతను వచ్చాడు, ఆమె వచ్చింది, ఆవు వచ్చింది. చిన్నయ సూరి మహత్తు, మహతి, అమహత్తు అని విడదీసి చెప్పాడు గానీ, ఏకవచనంలో మా అమ్మకూ మా గేదెకూ క్రియ ఒక్కటే. బహువచనంలోకి వెళితే గాని ఆడవాళ్లు మగవాళ్ల వరసలో కూర్చోరు.

డెల్టాలో ఒక బాలికల హైస్కూల్లో పనిచేస్తుండగా తనిఖీకి ఒక అధికారి వచ్చారు. బోర్డు మీద 'ఎవ్రీవన్ షుడ్ బ్రింగ్ దేర్ నోట్‌బుక్' అని రాసి ఉంది. "ఏమండీ మాస్టారూ, ఎవ్రీవన్ ఏకవచనం కాదూ?" అని ఆయనే సుద్దముక్క తీసుకుని దేర్ కొట్టేసి హిజ్ అని రాశారు. గదిలో నేనూ ఆయనా తప్ప మగపురుగు లేదు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను నోరు మెదపలేదు. ఉద్యోగం కదా. మా రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం ప్రకారం కూడా సందర్భాన్ని బట్టి మగో ఆడో తేల్చుకోవాలి, ఏదీ తెలియనప్పుడే మగ సర్వనామం. ఆ ముక్క ఆయన వెళ్లిపోయాక గుర్తొచ్చింది.

సాయంత్రం పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. చాలామంది బోర్డు మీదున్నట్టే హిజ్ ఎక్కించారు. కొందరు అధికారి రాకముందే రాసేసుకున్నారు కాబట్టి దేర్ ఉంది. ఒక్క పుస్తకంలో హిజ్ కొట్టేసి, పైన చిన్న అక్షరాలతో హర్ అని ఉంది. మూడింటికీ టిక్కు పెట్టి, తర్వాతి వాక్యంలో గో పక్కన ఈఎస్ చేర్చాను.