డీజిల్ లీకు, పాత ట్రాక్టర్ ఇంజిన్‌లో

ట్యాంకు నుంచి నాజిల్ దాకా ఎక్కడైనా డీజిల్ కారడాన్ని, లేదా అదే దారిలో గాలి లోపలికి చొరబడడాన్ని లీకు అంటారు. వరి పొలం దమ్ములో బురద, అదురు కలిసి పాత ఇంజిన్ బిగింపులను వదులు చేస్తాయి.

కారే చోటు ఒకటి, తడి కనబడేది మరొకటి. అందుకే ఇంజిన్‌ను శుభ్రంగా తుడిచి, ఆరాక సుద్దపొడి చల్లి చూడాలి. మొదట తడిసిన చోటే లీకు. ఫీడ్ పంపుకు ముందున్న పైపులో డీజిల్ కారకపోవచ్చు, గాలి మాత్రం పీలుస్తుంది: స్టార్టవదు, లేదా ఎగుడుదిగుడుగా నడుస్తుంది. పైపు, వాషరు సరిచేశాక ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతిపంపు కొట్టాలి. రాగి వాషరును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది. కొత్తది వేయడమే మేలు.

అన్నిటికన్నా మోసకారి లోపలి లీకు. ఫీడ్ పంపు డయాఫ్రం చిరిగితే డీజిల్ ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది. గేజిపుల్ల మీద మట్టం పెరిగి, ఆయిలు పలచబడి, డీజిల్ వాసన వస్తుంది. ఆయిలు తగ్గలేదని సంతోషించేవాళ్లూ ఉంటారు! అలాంటి బండిని నడపకూడదు.

నాజిల్ పైపులో పీడనం వందల బార్లు. ఆ సన్నని చిమ్ము చర్మాన్ని చీల్చుకుపోతుంది. వేలు పెట్టకండి, అట్టముక్క పెట్టి చూడండి.