పాలవాయి బూడిదలో పశువుల అస్థులు

అనంతపురము మదరాసు రాజధానిలో నుండిన కాలమున, వ్యాజ్యమునకో వైద్యమునకో మదరాసు పట్టణము చేరిన మన సీమవారు, తీరిక చిక్కిన యెడల ఎగ్మూరులోని "చచ్చిన కాలేజీ"ని చూచివచ్చుట పరిపాటి. జంతుప్రదర్శనశాలకు "బ్రతికిన కాలేజీ" యనియు, 1851లో వెలసిన మ్యూజియమునకు "చచ్చిన కాలేజీ" యనియు జనులిడిన పేర్లవి. అందలి తిమింగిలపు కంకాళము 1874లో మంగళూరు తీరమునకు కొట్టుకొని వచ్చినది; చెరువు నిండిన యేడు పండుగ చేసికొను సీమనుండి పోయిన కాపు, దాని ప్రక్కటెముకలను కనులార గాంచి, సముద్రమెంతటిదో మొదటిసారి యూహించుకొనియుండును.

ఆ కంకాళము నిజముగా చూడదగినదే. అయినను మన పీఠభూమి గతమును విప్పిచెప్పగల యస్థులు ఎద్దువి, ఆవువి. వాని కథను వెదకవలసినది కల్యాణదుర్గము ప్రాంతమున, పాలవాయి బూడిదదిబ్బ యొద్ద.

బళ్లారి, అనంతపురము, రాయచూరు సీమలలో ఇట్టి దిబ్బలు పెక్కు గలవు. అవి భీముడు చంపిన రాక్షసుల చితాభస్మమని పల్లెవారు చెప్పుకొనిరి. మానవశవముల దహనశేషములని కొందఱు దొరలు వాదించిరి. భూగర్భశాస్త్రవేత్త రాబర్టు బ్రూస్ ఫుట్ మాత్రము వానిని నవీన శిలాయుగపు పశుపాలకులకు ముడిపెట్టెను. 1957లో పాలమూరు జిల్లా ఉట్నూరు దిబ్బను త్రవ్వించిన పురాతత్త్వవేత్త ఆల్చిన్, బూడిద పొరల నడుమ పశువుల గిట్టల ముద్రలను కనుగొనుటతో ఆ మాటకు బలము చేకూరినది. దడి కట్టిన దొడ్డిలో ఏండ్ల తరబడి పేరుకొనిన పేడకు ఆ జనులు నిప్పు పెట్టిరి. ఏ ఋతుపర్వమునాడో అట్లు చేసియుందురని ఆల్చిన్ తలంచెను. మంట తీవ్రమైన చోట బూడిద కరగి చిట్టెము కట్టినది.

పాలవాయిని తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునకు చెందిన వి. రామిరెడ్డి త్రవ్వి పరిశోధించెను. ఇంచుమించు నాలుగువేల యేండ్ల క్రిందటి ఆ పశుపాలకుల నివాసములలో దొరకు ఎముకలందు ఆవులవి, ఎద్దులవియే మిక్కుటము. మూపురము మెత్తని కండ. అది మట్టిలో నిలువదు. కాని దాని క్రింది వెన్నుపూసల ముల్లు చివర రెండుగా చీలియుండును; ఆ చీలికను బట్టియే అది మూపురపుటెద్దని గుర్తింతురు. పంటి యరుగుదల వయస్సును తెలుపును; కత్తిగాటు ఆహారమైన సంగతిని తెలుపును; గిట్టలపై ఎముకల వాపు కాడి మోసిన బ్రతుకును తెలుపును. అక్షరమెఱుగని కాలమునకు ఇంతకంటె నమ్మదగిన శాసనము లేదని నా తలంపు.

ఇంకను వెనుకకు పోదలచిన వారికి నంద్యాల జిల్లా బేతంచెర్ల చెంత బిల్లసర్గం గుహలున్నవి. 1884 ప్రాంతమున ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ అచట త్రవ్వితీసిన యస్థులను పురాజీవశాస్త్రవేత్త లిడెక్కర్ పరిశీలించి 1886లో ప్రకటించెను. ఖడ్గమృగము సైతము వానిలో గలదు! 2014లో వెలువడిన పరిశోధన, అచట గుర్తించిన 21 క్షీరద జాతులలో 20 కనీసము లక్షయేండ్లుగా ఈ యుపఖండమున ఎడతెగక నిలిచియున్నవని తేల్చినది. ఎన్ని యనావృష్టుల కోర్చిన వంశములో యవి!

పెంపుడు మందల మాట వేరు. 1876 మొదలు 1878 వఱకు సాగిన ధాత కరువులో, అప్పటికింకను అనంతపురమును కలుపుకొనియున్న బళ్లారి జిల్లా (1882లో గదా మన జిల్లా వేరుపడినది) దారుణముగా దెబ్బతిన్నది. మేత లేక, నీరు లేక, మందలకు మందలే కూలినవి. పందొమ్మిదవ శతాబ్దమున మన దేశమునుండి పశువుల ఎముకలు ఎరువునకై సముద్రము దాటినవి; వానిని రేవునకు చేర్పదగిన రైలుమార్గము మదరాసునుండి రాయచూరు వఱకు 1871 నాటికే పూర్తియైనది. నాలుగువేల యేండ్ల క్రిందటి యావు తన యెముకలను తన నేలలోనే నిలుపుకొనగా, మన ముత్తాతలు పేరుపెట్టి పిలిచిన పశువుల యస్థులెన్నియో పరదేశపు పైరులకు బలమైపోయియుండును. ఆ తలంపు నన్ను మిక్కిలి బాధించును.

దిబ్బల బూడిదను సైతము రైతులు పొలములకు తోలుకొనుట కలదు. బక్కనేలకు ఎరువు వెదకుకొను వానిని నిందింపజాలము. ప్రభుత్వము మిగిలిన దిబ్బల చుట్టు కంచె వేయించి, అనంతపురమున ఒక మూపురపుటెద్దు కంకాళమును నిలిపి, దాని ప్రక్కన పాలవాయి చిట్టెపు గడ్డ నొకదాని నుంచి, చీలిన వెన్నుముల్లును బడిపిల్లలు చేతితో తాకిచూచునట్లు చేయవలయును.