శిబ్‌పూర్ వృక్షోద్యానం: తుపానుల వెంట వచ్చిన ఉలు గడ్డి

కోల్‌కతాకు ఎదురుగా, హుగ్లీ నది పడమటి ఒడ్డున హౌరాలోని శిబ్‌పూర్‌లో ఆచార్య జగదీశ్ చంద్రబోస్ భారతీయ వృక్షోద్యానం ఉంది. 19వ శతాబ్దంలో దీనిని ఒక గడ్డి ఆక్రమించింది. బెంగాలీలో దాని పేరు ఉలు. శాస్త్రీయ నామం ఇంపెరాటా సిలిండ్రికా. తెలుగునాట దర్భగా వ్యవహరించే గడ్డి జాతుల్లో ఇదొకటి. అదే పేరు డెస్మోస్టాకియా అనే మరో గడ్డికీ చెల్లుతుంది గనుక తికమక సహజం.

1787లో కర్నల్ రాబర్ట్ కిడ్ స్థాపించిన ఈ తోట ప్రస్తుత విస్తీర్ణం సుమారు 109 హెక్టార్లు. అంతకుముందు సామర్లకోటలో మొక్కలు పెంచి పరిశోధించిన విలియం రాక్స్‌బర్గ్ 1793లో దీని బాధ్యతలు స్వీకరించారు. 1864 అక్టోబరు 5 నాటి తుపానుకు ఇక్కడ వెయ్యికి పైగా చెట్లు, అంటే దాదాపు సగం, కూలిపోయాయి. 1867లో వచ్చిన మరో తుపాను మిగిలినవాటిలో సుమారు 750 చెట్లను పడగొట్టింది. నీడ కరవైన నేలను ఉలు కమ్మేసింది.

ఈ గడ్డికి ఎండ ప్రాణం, నీడ గిట్టదు. దాని అసలు బలం నేల కింద అల్లుకునే భూగర్భ కాండాల్లో ఉంది. పైభాగాన్ని కోసినా అవి మళ్లీ చిగురిస్తాయి. కణుపున్న చిన్న ముక్క చాలు, కొత్త మొక్క లేస్తుంది. నిప్పు పెట్టడం మరీ పొరపాటు. మంట పోటీ మొక్కలను తుడిచిపెడుతుంది, నేలలోని ఉలు కాండాలు మాత్రం బతికి బయటపడతాయి. పైగా మంట తరువాత ఉలు విరివిగా పూస్తుంది.

1871లో జార్జ్ కింగ్ పర్యవేక్షకుడిగా వచ్చేనాటికే ఉలును పెకలించే పని కొంత సాగింది. ఆయన దానిని కొనసాగిస్తూనే తోట రూపురేఖలను మార్చారు. చెరువులు తవ్వించి, ఆ మట్టితో పల్లపు నేలను ఎత్తు చేయించారు. కొత్త బాటలు వేయించి విస్తారంగా చెట్లు నాటించారు. కలుపు తీతకన్నా ఈ చెట్ల నీడే శాశ్వత పరిష్కారమని చెప్పాలి.

నేటికీ పెద్ద విస్తీర్ణాల్లో పద్ధతి అదే. ఎండాకాలంలో లోతుగా దున్ని, పైకి తేలిన కాండాలను ఎండబెట్టి ఏరివేస్తారు. ఆ వెంటనే నేలను కప్పే పంట వేయకపోతే శ్రమ వృథా. ఆగ్నేయాసియా రబ్బరు, పామాయిల్ తోటల్లో ఇందుకు ప్యురేరియా వంటి పప్పుజాతి తీగలను పెంచుతారు. అక్కడ రైతులు గడ్డిని కోయకుండా బరువైన పలకలతో నేలకు అణచివేసే పద్ధతి కూడా ఉంది. కోతకన్నా దీనివల్ల చిగురు ఆలస్యంగా వస్తుంది.

రసాయనాల్లో గ్లైఫోసేట్ ప్రధానమైనది. అయితే శిక్షణ పొందిన తెగుళ్ల నియంత్రణ నిర్వాహకులు మినహా ఇతరులు దానిని వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ఆంక్ష విధించింది.

శుభ్రపడిన నేలకు గట్ల మీది గడ్డితోనూ ముప్పు ఉంటుంది. ఉలు తెల్లని కంకుల్లోని నూగు విత్తనాలు గాలికి చాలా దూరం ఎగురుతాయి; అందుకే చుట్టుపక్కల మిగిలిన దుబ్బులను కంకి విప్పక ముందే తొలగిస్తారు.