ముగ్గు కాని ముగ్గు

మొన్న సంక్రాంతి సెలవులకి ఇంటికొచ్చిన మా అమ్మాయి నా ఇస్త్రీపెట్టె, ఒక స్టీలు పళ్ళెం, నున్నటి పత్రిక కాగితాలు నాలుగు పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. కాగితం మీద లేజరు ప్రింటు తీసి, రాగిరేకుకి బోర్లించి ఇస్త్రీ చేస్తే ఆ నలుపు రేకుకి అంటుకుంటుందట. తర్వాత ఫెర్రిక్ క్లోరైడు నీళ్ళలో వేస్తే నలుపు కింది రాగి మిగిలి, తక్కిందంతా కరిగిపోతుంది. ఆ నీళ్ళు స్టీలునీ తింటాయని మా ఇద్దరికీ పళ్ళెం గుంటలు పడ్డాకే తెలిసింది. నా కొంగుకంటిన పసుపు మరక ఈనాటికీ పోలేదు.

"ముగ్గులా ఉందే!" అన్నాను రేకు చూసి.

"నీ మెలికల ముగ్గులో గీత మీద గీత దాటొచ్చమ్మా. ఇందులో దాటితే షార్టే" అంది ఏడుపు మొహంతో. రెండు గీతలు తగులుకున్నాయి. బోర్డు పనిచెయ్యలేదు. మామూలు బొమ్మల ప్రోగ్రాములో గీసిందట మరి! సరైన సాఫ్ట్‌వేరు కావాలంది. తనకి నచ్చినదానికి ఏటేటా చందా కట్టాలంది.

బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని. పిల్లనిచ్చేముందు ఇంటిపేరు అడిగినట్టు, డబ్బిచ్చేముందు పుట్టుపూర్వోత్తరాలు విచారించాను.

ఈ అచ్చు సర్క్యూట్లకి ఆద్యుల్లో ముఖ్యుడు పాల్ ఐస్లర్. 1907లో వియన్నాలో పుట్టిన యూదుడు. అక్కడ ఒక రేడియో పత్రికలో పనిచేస్తూ అచ్చుపని నేర్చుకున్నాడు. 1936లో ఇంగ్లండు చేరి, తీగలు ఒక్కొక్కటే అతికే బదులు రాగిరేకు మీద అచ్చు వేస్తే పోలేదా అనుకున్నాడు. 1943లో పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు. అంటే నా పత్రిక కాగితాలకి ఇదేం కొత్త చుట్టరికం కాదన్నమాట! తర్వాత చాలా ఏళ్ళు నమూనా గీయడమంటే పారదర్శకపు షీటు మీద నల్లటేపు ముక్కలు అతికించడమే. అసలుకి రెండింతలో నాలుగింతలో పెద్దదిగా అతికించి, ఫొటోతో చిన్నది చేసేవారు.

గీసింది పనిచేస్తుందో లేదో ముందే లెక్కకట్టి చూసే విద్య అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఒక దారికొచ్చింది. అక్కడి విద్యార్థులు మొదట రాసిన ప్రోగ్రాము పేరు క్యాన్సర్. ఆ పేరు పెట్టినవాళ్ళకో దణ్ణం! 1973లో లారెన్స్ నాగెల్ దాన్ని మార్చి స్పైస్ తెచ్చాడు. వాళ్ళ ఆచార్యుడు డొనాల్డ్ పెడర్సన్ అది అందరికీ స్వేచ్ఛగా అందాలని పట్టుబట్టాడు. పులుసు పొయ్యి మీద పెట్టకుండానే ఉప్పు చాలిందో లేదో చెప్పే విద్యని దాచుకోకుండా పంచిపెట్టారు. 1999లో ఉచితంగా బయటికొచ్చిన ఎల్‌టీస్పైస్ దాని సంతతే.

గీసే ప్రోగ్రాముల్లో 1988లో జర్మనీలో పుట్టిన ఈగిల్‌ని ఇళ్ళలో బోర్డులు చేసుకునేవాళ్ళు బాగా ఇష్టపడ్డారు. 2016లో ఆటోడెస్క్ దాన్ని కొని మరుసటేడు చందా పద్ధతి పెట్టింది. 2026 జూన్‌తో ఆపేస్తామని 2023లో ప్రకటించింది. ఏళ్ళ తరబడి అందులో గీసుకున్నవాళ్ళు పెట్టేబేడా సర్దుకోవలసి వచ్చింది. అద్దెకొంప సంగతి నాకు తెలీదా! అది చదివినప్పుడే నా పర్సు మూసేశాను.

కైక్యాడ్‌ని ఫ్రాన్సులో జాన్ పియర్ షారాస్ అనే అధ్యాపకుడు 1992లో మొదలుపెట్టాడు. ఉచితం, మూలం కూడా బహిరంగం. తర్వాత జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాల దానికి చెయ్యి కలిపింది. 2018లో వచ్చిన అయిదో కూర్పులో స్పైస్ వంశంలోని ఎన్‌జీస్పైస్ కూడా చేరి, గీతా పరీక్షా ఒకే ఇంట్లో సర్దుకున్నాయి. మన బొంబాయి ఐఐటీ వాళ్ళ ఈసిమ్ కూడా ఈ రెండింటినీ ఆసరా చేసుకున్నదే.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. మా పిల్ల బోర్డుని స్పైస్ కాపాడేది కాదు. దాని లెక్కలో తప్పు లేదు, తగులుకున్నది రాగిగీతలు. గీతకీ గీతకీ ఇంత ఎడం ఉండాలని ముందే చెప్పి పెడితే, తగ్గినచోట గుర్తుపెట్టి చూపించే తనిఖీ వేరే ఉంది. అది కైక్యాడ్‌లో ఉంది. ఇస్త్రీపెట్టె పనికి సన్నగీతలు నిలవవు కనక ఎడం కాస్త ఎక్కువే పెట్టుకోమన్నాను. నాకేదో తెలిసినట్టు!

ఆదివారం రెండో బోర్డు చేసింది. ఈసారి ప్లాస్టిక్ డబ్బాలో. చివర చిన్న ఎర్రదీపం వెలిగితే "అమ్మా!" అని కేకేసింది. కొంగు దోపుకుని మరీ వెళ్ళాను.