సోడా సిలిండర్‌తో బొమ్మలు: ఎయిర్‌బ్రష్‌కి గాలి ఎక్కడిది?

నార్కట్‌పల్లి హైవే మీద గోలీ సోడా తాగినోళ్లకి ఆ గ్యాస్ సిలిండర్ తెలిసే ఉంటది. దానికి రెగ్యులేటర్ బిగించి, సన్న పైపు తగిలిస్తే, కంప్రెసర్ లేకుండానే ఎయిర్‌బ్రష్‌తో బైక్ ట్యాంకు మీద బొమ్మ వేయొచ్చా? వేయొచ్చు. ఇది మనోళ్ల జుగాడ్ కూడా కాదు, చాలా పాత పద్ధతి.

ఎయిర్‌బ్రష్ పుట్టింది అమెరికాలో. అయోవా రాష్ట్రంలో అబ్నర్ పీలర్ 1870ల చివర్లో తయారుచేశాడు. 1890ల్లో చార్లెస్ బర్డిక్ దాన్ని ఇప్పుడు మనం పట్టుకునే పెన్ను రూపానికి తెచ్చాడు. రూపం కుదిరింది గానీ గాలే కష్టం. చేత్తోనో కాలితోనో పంపు కొట్టాలి. పైన చెయ్యి కనుబొమ్మ దిద్దుతుంటే కింద కాలు గాలి కొడుతుండాలి, ఊహించుకోండి!

అదే రోజుల్లో, 1880ల్లో, జర్మనీలో ద్రవ కార్బన్ డయాక్సైడ్‌ని ఉక్కు సిలిండర్లలో నింపి అమ్మడం మొదలైంది. సోడా, బీరు వ్యాపారాల కోసం వచ్చిన ఆ సిలిండర్‌నే తర్వాత ఫొటోలు దిద్దే స్టూడియోలు, ప్రకటనల బొమ్మలు వేసేవాళ్లు తెచ్చుకున్నారు. చప్పుడు లేదు, కరెంటు అక్కర్లేదు. గ్యాస్ పొడిగా ఉంటుంది కాబట్టి రంగులో నీటిచుక్క పడదు.

ఇంకో సుఖం ఉంది. లోపల ద్రవం మిగిలినంతసేపు ప్రెషర్ దాదాపు అలాగే ఉంటుంది, 20 డిగ్రీల దగ్గర సుమారు 57 బార్. రెగ్యులేటర్ దాన్ని 2 బార్‌కి దించుతుంది. కేజీ ద్రవం నుంచి దాదాపు 540 లీటర్ల గ్యాస్ వస్తుంది. నిమిషానికి 15 లీటర్లు తాగే బ్రష్ అయితే 10 కేజీల సిలిండర్ ఆరు గంటలు. గేజ్ ముల్లు కదలదు గనక ఎంత మిగిలిందో తూకం వేసే తెలుసుకోవాలి.

ఈ లెక్కకి నల్లగొండ ఎండ అడ్డం పడుతుంది. కార్బన్ డయాక్సైడ్ 31 డిగ్రీలు దాటితే ద్రవంగా ఉండలేదు. మనకి మే నెలలో నీడలోనే 40 దాటుతుంది. అప్పుడు నిండు సిలిండర్లో డిగ్రీ డిగ్రీకి ప్రెషర్ ఎగబాకుతుంది. చల్లని దేశాల్లో నడిచిన పద్ధతి మన రేకుల షెడ్డులో అట్లనే నడవదన్నా. నీడన, గొలుసుతో కట్టి నిలబెట్టాలి. పడుకోబెడితే పైపులోకి ద్రవమే వస్తుంది.

నన్ను ఇంకా భయపెట్టేది మూసిన గది. దుమ్ము పడొద్దని పెయింటర్లు తలుపు వేసుకుంటారు కదా. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న గదిలో 28,000 లీటర్ల గాలి ఉంటుంది. పనిచేసే చోట ఎనిమిది గంటల సగటుకి పెట్టిన పరిమితి 0.5 శాతం, అంటే 140 లీటర్లు. గాలి ఆడని గదిలో పది నిమిషాల్లో అది దాటిపోతుంది. గంటంబావులో 4 శాతం, అది ప్రాణాల మీదికి తెచ్చే స్థాయి. రంగూ లేదు, వాసనా లేదు. తల నొప్పెడితే థిన్నర్ వల్లే అనుకుంటారు. పెయింటర్ మాస్క్ దీన్ని ఆపదు.

ఇది విని వెల్డింగ్ షాపు ఆక్సిజన్ సిలిండర్ అడుగుతారేమో, దాని జోలికే పోవద్దు. ఆక్సిజన్, నూనె, థిన్నర్ కలిస్తే మంటే.

కంప్రెసర్ కొనలేనివాళ్లకి ఇంకో పాత దారి ఉంది, టైరు. గాలి నింపిన లారీ టైరుకి వాల్వ్ అడాప్టర్ పెట్టి బ్రష్ నడుపుతారు. ప్రెషర్ తగ్గుతూ పోతుంది, తేమా ఉంటుంది. కానీ లోపలున్నది మనం పీల్చే గాలే, పంక్చర్ షాపు పక్కనే ఉంది.