మన ఇంటికి దారి ఎవరు మూసినారు? – గోడమీది రౌటరు డబ్బా చరిత్ర



నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు నలభై దాటినాక నేర్చుకున్నవాణ్ణి. తప్పులుంటే ఎప్పటిలాగే దిద్దండి. ఈసారి గుడి కథ కాదు, మన పెద్దల వలస కథ కాదు. మన ఇళ్లల్లో గోడకు తగిలించి ఉండే రౌటరు డబ్బా కథ. ఇదేం చరిత్ర అని తోసేయకండి. చివర సంఘానికి ఒక మనవి ఉంది.

వేసవి సెలవులకు మా మనవడు కాట్పాడికి వచ్చినాడు. పన్నెండేళ్లవాడు. మైన్‌క్రాఫ్ట్ అని ఒక ఆట, కంప్యూటరులో రాళ్లు పేర్చి ఇళ్లు, ఊళ్లు కట్టే ఆట. హోసూరులో మా తమ్ముడి మనవరాలు, బెంగళూరులో మా చెల్లెలి మనవలు ఇద్దరు, వీడు, నలుగురూ కలిసి ఒకే ఊరు కట్టాలని వాడి ఆశ. మా పాత కంప్యూటరులో సర్వరు పెట్టినాడు. ఇంట్లో ఇంకో ల్యాప్‌టాప్ నుంచి చూస్తే ఆట తెరుచుకుంది. హోసూరు నుంచి మాత్రం ఎంత తట్టినా తెరుచుకోలేదు. రెండు రోజులు తంటాలు పడి, మొహం వేలాడేసుకుని వచ్చి, "తాతా, మన ఇంట్లోనుంచి బయటికి పోవచ్చునంట, బయటనుంచి లోపలికి దారే లేదంట" అన్నాడు.

రైల్వేలో గుమాస్తాగా బతికినవాణ్ణి. దారి లేదంటే ఎవరు మూసినారు, ఎప్పుడు మూసినారు, ఏ కాగితం మీద మూసినారు అని అడగడం నా అలవాటు. కొన్ని వారాలు చదివినాను. తెలిసింది రాస్తున్నాను.

మొదట్లో ఇంటర్నెట్‌లో అందరికీ వీధి తలుపు ఉండేది. 1981 సెప్టెంబరులో ఐపీ నాలుగో వెర్షను నియమాలు వెలువడినాయి. 1983 జనవరి 1న అమెరికాలోని ఆర్పానెట్ ఈ పద్ధతికి మారింది. ప్రతి కంప్యూటరుకూ 32 బిట్ల అంకె ఒకటి, అదే దాని అడ్రస్. ఆ లెక్కన మొత్తం 429 కోట్ల 49 లక్షల పైచిలుకు అడ్రస్‌లు. అప్పట్లో ఆ వలలో కలిసిన కంప్యూటర్లు తక్కువ, అవీ ఎక్కువగా విశ్వవిద్యాలయాల్లో, సైన్యం దగ్గర ఉండేవి కాబట్టి అది తరగని నిధి అనుకున్నారు. ఎవరైనా ఎవరి తలుపైనా తట్టవచ్చు. పిలిచేవాడు, పలికేవాడు ఇద్దరూ సమానం.

పదేళ్లు తిరిగేసరికి ఈ అంకెలు చాలవని తెలిసిపోయింది. 1994 మేలో ఎగెవాంగ్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు ఆర్‌ఎఫ్‌సీ 1631 అనే పత్రంలో ఒక ఉపాయం రాసినారు. దాని పేరు నాట్, అంటే అడ్రస్ మార్పిడి. ఇంటిలోపల ఎన్ని కంప్యూటర్లున్నా వాటికి లోపలి అంకెలు, బయటికి పోయేటప్పుడు గడప దగ్గర బయటి అంకెగా మార్పు. లోపల వాడుకోవడానికని 1994 మార్చిలోనే కొన్ని అంకెలు విడిగా కేటాయించినారు. మన ఇళ్లల్లో కనిపించే 192.168 వరుస అందులోదే. ఈ అంకె మీ ఇంట్లోనూ ఉంటుంది, మా ఇంట్లోనూ ఉంటుంది. వీధిలో దానికి విలువ లేదు.

ఈ సంగతి మనకు కొత్తా? ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. కొందరికి కన్నడం, ఒడియా, మరాఠీ. గడప దగ్గర మాట మార్చుకుని బయటికి పోతాం. రౌటరు చేసేదీ అదే పని.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. ఆఫీసు టెలిఫోను ఎక్స్చేంజి గుర్తు తెచ్చుకోండి. లోపల టేబులుకొక నంబరు, బయటి లోకానికి ఒకటే నంబరు. మనం బయటికి ఫోను చేస్తే ఆపరేటరు కలిపేస్తాడు, జవాబు ఎవరికో కూడా వాడికి తెలుసు. బయటనుంచి కొత్తగా ఒకడు ఫోను చేసి ఎవరు కావాలో చెప్పకపోతే? ఆపరేటరు పెట్టేస్తాడు. రౌటరు కూడా అట్లే, తాను ఎదురుచూడని పిలుపును పారేస్తుంది. ఆ 1994 పత్రంలోనే ఇది తాత్కాలిక ఏర్పాటు అనీ, ఈ కొసనుంచి ఆ కొసదాకా అడ్రస్‌కు ఉండే అర్థం దీనివల్ల పోతుందనీ ఒప్పుకున్నారు. తాత్కాలిక షెడ్డు ముప్పై ఏళ్లు నిలబడటం రైల్వేలో మేం చూడనిది కాదు. ఇదీ అట్లే నిలబడిపోయింది.

దీని దెబ్బ బాగా తగిలింది ఆటగాళ్లకు. 1993 డిసెంబరులో డూమ్ అనే ఆట వచ్చింది. ఒకే గదిలో, ఒకే తీగకు కట్టిన కంప్యూటర్లలో నలుగురు కలిసి ఆడేవాళ్లు. 1996లో అదే కంపెనీ క్వేక్ తెచ్చింది. అది ఇంటర్నెట్ మీదనే ఆడవచ్చు. ఒకడి కంప్యూటరు సర్వరు, మిగతావాళ్లు దాని తలుపు తట్టి లోపలికి పోవాలి. మోడెంతో నేరుగా కలిసిన కంప్యూటరుకు బయటి అడ్రస్ ఉండేది కాబట్టి ఇబ్బంది లేదు. ఇళ్లల్లోకి రౌటరు వచ్చినాక ఆ తలుపు దాని వెనక పడిపోయింది.

దానికి మందు పోర్ట్ ఫార్వర్డింగ్. ఎక్స్చేంజి ఆపరేటరుకు చీటీ రాసి ఇవ్వడమే అది. "ఫలానా పోర్టు నంబరు అడిగితే ఐదో టేబులుకు కలుపు" అని. మైన్‌క్రాఫ్ట్ జావా ఆటకు ఆ నంబరు 25565. చేసే పని నాలుగు మెట్లు. ఒకటి, సర్వరు కంప్యూటరుకు లోపలి అంకె మారకుండా రౌటరులో కట్టెయ్యాలి, లేదంటే రేపు ఐదో టేబులులో ఇంకొకడు కూర్చుంటాడు. రెండు, రౌటరు పేజీలో 25565ను ఆ అంకెకు పంపమని రాయాలి. మూడు, కంప్యూటరు ఫైర్‌వాల్‌లో ఆ ఆటకు అనుమతి ఇవ్వాలి. నాలుగు, బయటి అడ్రస్ తెలుసుకుని చుట్టాలకు చెప్పాలి.

మా మనవడు ఈ నాలుగూ సరిగ్గానే చేసినాడు. అయినా దారి తెరుచుకోలేదు. ఎందుకంటే మా ఇంటికి ఒక గడప కాదు, రెండు గడపలు.

2011 ఫిబ్రవరి 3న ప్రపంచ నిలవలో ఉన్న అడ్రస్‌లు ఖర్చైపోయినాయి. అదే ఏప్రిల్‌లో మన ఆసియా ప్రాంతం వాటా కూడా చివరి మూటకు వచ్చి రేషను మొదలైంది. లైను ఇచ్చే కంపెనీలు ఇంటికొక అడ్రస్ ఇవ్వలేక, తమ దగ్గరే ఇంకో పెద్ద నాట్ పెట్టుకున్నాయి. ఎన్నో ఇళ్లకు కలిపి ఒకే బయటి అంకె. దానికోసం 2012 ఏప్రిల్‌లో 100.64 నుంచి 100.127 దాకా ఉన్న వరుసను విడిగా ఇచ్చినారు. మీ రౌటరు పేజీలో బయటి అడ్రస్ ఈ వరుసలో ఉంటే మీదీ రెండు గడపల ఇల్లే. మాదీ అంతే. రెండో ఆపరేటరు కంపెనీ ఆఫీసులో ఉన్నాడు, మన చీటీ వాడు తీసుకోడు. ఫోను చేసి అడిగితే, మారని అడ్రస్ కావాలంటే నెలనెలా వేరే రుసుము కట్టమన్నారు.

అసలైన మందు ఇంకొకటి ఉంది, ఐపీవీ6. 128 బిట్ల అడ్రస్, ఎన్ని ఇళ్లకైనా, ఎన్ని వస్తువులకైనా చాలుతుంది. దాని నియమాలు 1995 డిసెంబరులోనే వచ్చినాయి. వాడకంలో మన దేశం ఇప్పుడు ముందు వరుసలో ఉంది. కానీ అటూ ఇటూ రెండు ఇళ్లకూ అది ఉండాలి, రౌటరు ఫైర్‌వాల్ కూడా ఒప్పుకోవాలి.

చివరికి హోసూరు తమ్ముడి ఇంట్లో చూస్తే రౌటరులోని అంకె, బయట కనిపించే అంకె ఒకటే. ఒక్క గడప ఇల్లు! వీడియో కాల్‌లో వీడు చెప్తూ ఉంటే, ఆ పిల్ల ఆ నాలుగు మెట్లు ఎక్కింది. సాయంత్రానికి నలుగురూ ఒకే ఊళ్లో ఉన్నారు.

నేను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మొదట నలుగురూ ఇంగ్లీషులో మొదలుపెట్టినారు. ఆట వేడెక్కినాక చూడాలి! "ఒరే, ఆ గుంతకాడికి పోవద్దురా", "అక్కా, నా గొడ్డలి ఎవరో ఎత్తుకునిపోయినారు" అని మా అమ్మ మాట్లాడిన తెలుగు బయటికి వచ్చింది. బడిలో ఒకరిది తమిళం, ఒకరిది కన్నడం. కంగారులో నోట వచ్చేది మాత్రం ఇంటి మాట. వారంవారం తెలుగు క్లాసు పెట్టి, పిల్లలు రాక, రెండుసార్లు మూసేసిన సంఘం మనది. నాకు కళ్లు చెమర్చినాయి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. తలుపు తెరిస్తే చుట్టమే కాదు, దొంగ కూడా వస్తాడు. 2016లో మిరాయ్ అనే పురుగు, కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చని రౌటర్లలో, కెమెరాల్లో లక్షల సంఖ్యలో దూరింది. మైన్‌క్రాఫ్ట్ సర్వర్లను కూల్చడానికీ దాన్ని వాడినారు. అందుకని రౌటరు పాస్‌వర్డ్ మార్చండి. కావలసిన ఒక్క పోర్టు తప్ప ఏదీ తెరవకండి. ఆటలో పేర్ల జాబితా పెట్టి, అందులో ఉన్నవాళ్లనే రానివ్వండి. ఆట అయిపోయినాక తలుపు మూసేయండి.

ఇప్పుడు మనవి. మన సంఘం హాలులో ఇంటర్నెట్ లైను ఉంది, ఒక పాత కంప్యూటరు ఊరికే పడి ఉంది. ఆ లైనుకు మారని అడ్రస్ ఒకటి తీసుకుని, మన పిల్లల కోసం సర్వరు పెడదాం. హోసూరు, బెంగళూరు, బరంపురం, షోలాపూర్, యానాం, ఎక్కడున్నా మన పిల్లలు సాయంత్రం ఒక గంట ఒకే ఊళ్లో కలుస్తారు. పెద్దవాళ్లు ఇద్దరు కాపలా ఉందాం, ఒకడిగా నేనుంటాను. కరెంటు పోతే ఆట ఆగుతుంది, ఆ చిక్కు ఉంది. అద్దెకు సర్వరు తీసుకోవచ్చునని కొందరు అంటారు, అది సులువే, కాదనను. కానీ అద్దె ఇంటికీ సొంత ఇంటికీ తేడా మనకు తెలియనిది కాదు.

మన పెద్దలు వచ్చిన చోటల్లా ముందు ఒక భజన మందిరం కట్టుకున్నారు, నలుగురూ కూడి తెలుగు మాట్లాడటానికి. మన మనవలకు అట్లాంటి చోటు ఒకటి కావాలి. వచ్చే కమిటీ మీటింగులో ఈ విషయం పెడుతున్నాను. ఒప్పుకునేవాళ్లూ, కాదనేవాళ్లూ కింద రాయండి.